వెలిగే ప్లాస్టిక్‌కి తెలుపెందుకు కష్టమైంది?

పొద్దు పొడవడాన్ని మనం 'తెల్లవారడం' అంటాం. ఆకాశం ముందు ఎర్రబడుతుంది, తర్వాత పసుపు తిరుగుతుంది, ఆఖరికి తెల్లబడుతుంది. అప్పుడే రోజు మొదలైనట్టు లెక్క. ఈ మాట పుట్టించిన వాళ్లకి వర్ణపటం గురించి తెలిసి ఉండదు. కానీ తెలుపు ఆఖరున వస్తుందన్న సంగతి మాత్రం మాటలోనే ఉంది.

దీపాల కథలోనూ ఇదే జరిగింది. కంటికి కనిపించే ఎర్ర ఎల్ఈడీని నిక్ హోలోన్యాక్ 1962లో చేశాడు. ప్రకాశవంతమైన నీలం రావడానికి 1993 దాకా ఆగాల్సి వచ్చింది. నీలం వచ్చాకే తెలుపు సాధ్యమైంది. ఆ నీలానికే అకాసాకి, అమానో, నకమురా ముగ్గురికీ 2014లో నోబెల్ ఇచ్చారు. ఈరోజు మన ఇళ్లలో వెలిగే తెల్ల బల్బు నిజానికి ఒక నీలం దీపం. దాని మీద పసుపు పొడి పూత వేస్తారు. నీలం కొంత, పసుపు కొంత కలిసి మన కంటిని తెలుపని నమ్మిస్తాయి.

నేను చెప్పబోయేది దీని దాయాది కథ. ప్లాస్టిక్ లాంటి పదార్థాన్ని సిరాలా కరిగించి, కాగితం మీద అచ్చేసినట్టు పూసి, దాని నుంచి తెల్లని వెలుగు రప్పించాలన్న ప్రయత్నం. దీనికి ముప్పై ఏళ్లు దాటాయి. ఎందరో మేధావులు, పెద్ద పెద్ద కంపెనీలు పనిచేశాయి. అయినా మీ ఇంటి గోడ మీద అలాంటి దీపం లేదు. ఎందుకు లేదన్నదే ఇక్కడి ప్రశ్న.

ఇసుక, నూనె, అల్యూమినియం

నేనుండేది బహ్రెయిన్‌లోని రిఫాలో. ఊరికి దక్షిణాన కొద్ది దూరంలో జబల్ దుఖాన్ అనే గుట్ట ఉంది. పేరుకి అర్థం పొగ కొండ. 1932లో గల్ఫ్‌కి ఈ అరబ్బు ఒడ్డున మొట్టమొదట చమురు పడింది ఆ గుట్ట పక్కనే. తూర్పు వైపు వెళ్తే 1971 నుంచి నడుస్తున్న 'ఆల్బా' అల్యూమినియం కర్మాగారం వస్తుంది. ముడిసరుకు బయటి దేశాలది, దాన్ని కరిగించే కరెంటు ఇక్కడి గ్యాస్‌ది. ఇక ఇసుక సంగతి చెప్పనక్కర్లేదు, కిటికీ తీస్తే ఇంట్లోకే వస్తుంది.

పాలిమర్ దీపాన్ని విప్పి చూస్తే దాదాపు ఇవే ఉంటాయి. అడుగున గాజు, అంటే ఇసుక. దాని మీద కరెంటు పారే పారదర్శకమైన పూత, ఇండియం టిన్ ఆక్సైడ్. దాని మీద వెలిగే పాలిమర్. మనం వాడే పాలిమర్లలో చాలా వాటిలాగే దీని మూలమూ చివరికి చమురే. అన్నిటికన్నా పైన బేరియం లాంటి లోహం పలచగా, దాని మీద అల్యూమినియం. గాజుని పక్కన పెడితే, వెలుగు పుట్టే పొరలన్నీ కలిపినా మందం ఒకటి రెండు వందల నానోమీటర్లు. మన తల వెంట్రుక అందులో కొన్ని వందల రెట్లు మందంగా ఉంటుంది. పెట్టాల్సిన వోల్టేజీ కూడా టార్చిలైటు బ్యాటరీలు ఇచ్చేపాటిదే.

ఇక్కడ పేరు గురించి ఒక మాట. ఓఎల్ఈడీలో 'ఓ' అంటే ఆర్గానిక్. అది విని మన వాళ్లు కొందరు సేంద్రియ వ్యవసాయాన్ని గుర్తు చేసుకుంటారు. ఆవు పేడకీ దీనికీ సంబంధం లేదు. ఇంగ్లీషులో రెండిటికీ ఒకే మాట ఉంది కాబట్టి ఆ తికమక. తెలుగులో ఇంటర్ పుస్తకం ఎప్పుడో తేల్చేసింది: పొలంలో అయితే సేంద్రియ, రసాయన శాస్త్రంలో అయితే కర్బన. ఇది కర్బన దీపం. అణువుల్లో వెన్నెముక కార్బన్‌ది, అంతే.

కరెంటు పారే ప్లాస్టిక్

ప్లాస్టిక్ అనగానే మనకి తెలిసింది తీగ మీది తొడుగు. కరెంటుని ఆపడమే దాని ఉద్యోగం. మరి అదే జాతి పదార్థంలో కరెంటు ఎలా పారింది?

1967లో టోక్యోలో షిరకావా ప్రయోగశాలలో పాలీఅసిటిలీన్ తయారు చేస్తుంటే ఉత్ప్రేరకం పొరపాటున వెయ్యి రెట్లు ఎక్కువ పడింది. నల్లపొడి రావాల్సిన చోట వెండిలా మెరిసే పొర వచ్చింది. తర్వాత అమెరికాలో మాక్‌డయర్మిడ్, హీగర్‌లతో కలిసి షిరకావా దానికి అయోడిన్ ఆవిరి పట్టించాడు. కరెంటు పారే గుణం కోటి రెట్లు పెరిగింది. 1977లో ఈ సంగతి అచ్చయింది. 2000లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది.

గుట్టు గొలుసులో ఉంది. మామూలు పాలిథీన్ గొలుసులో కార్బన్ల మధ్య అన్నీ ఏక బంధాలే. ఎలక్ట్రాన్లు ఎక్కడివక్కడ కట్టుబడి ఉంటాయి. ఈ కొత్త పాలిమర్లలో ఒక ఏక బంధం, ఒక ద్వి బంధం, మళ్లీ ఏక బంధం, మళ్లీ ద్వి బంధం ఉంటాయి. సంయుగ్మ గొలుసు అంటారు. ఇందులో కొన్ని ఎలక్ట్రాన్లు ఫలానా కార్బన్‌వి అని చెప్పలేం. గొలుసు పొడుగునా అవి ఉమ్మడి ఆస్తి. అందుకే కదలగలవు.

కదిలితే వెలుగు ఎలా వస్తుంది? దీపానికి ఒక వైపు నుంచి ఎలక్ట్రాన్లు ఎక్కుతాయి. రెండో వైపు నుంచి ఎలక్ట్రాన్లు దిగిపోతాయి. దిగిపోయిన చోట మిగిలే ఖాళీకి పాఠ్యపుస్తకం పేరు రంధ్రం. గొలుసుల మీద నడుస్తూ ఎలక్ట్రానూ రంధ్రమూ ఎదురుపడితే కాసేపు జంటగా ఉంటాయి. ఆ జంట పేరు ఎక్సిటాన్. తర్వాత ఎలక్ట్రాన్ ఆ ఖాళీలో పడిపోతుంది. పడినప్పుడు మిగిలిన శక్తి వెలుగుగా బయటికి వస్తుంది. ఎంత ఎత్తు నుంచి పడితే అంత నీలం, ఎంత తక్కువ ఎత్తు నుంచి పడితే అంత ఎరుపు.

చిన్న అణువులతో మొదటి పనికొచ్చే దీపాన్ని 1987లో కోడాక్ కంపెనీలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్‌స్లైక్ చేశారు. వాటిని శూన్యంలో వేడి చేసి ఆవిరిగా గాజు మీద పేర్చాలి. 1990లో కేంబ్రిడ్జిలో బరోస్, బ్రాడ్లీ, ఫ్రెండ్ బృందం అదే పని పాలిమర్‌తో చేసింది. పీపీవీ అనే పాలిమర్ పసుపు కలిసిన ఆకుపచ్చగా వెలిగింది.

ఆ వెలుగు మందమే. కానీ పాలిమర్‌ని ద్రావణంగా పూయవచ్చన్న సంగతికి అందరూ లేచి కూర్చున్నారు. శూన్య గదులు అక్కర్లేదు, దినపత్రిక అచ్చేసినట్టు దీపాలు అచ్చేయొచ్చు అనుకున్నారు. 1992లో కేంబ్రిడ్జి డిస్‌ప్లే టెక్నాలజీ కంపెనీ పుట్టింది. గోడకి అంటించే వెలుగు, కిటికీ తెరలో నేసిన వెలుగు, పైకప్పంతా ఒకే మెత్తని వెలుగు అంటూ ఊహలు సాగాయి.

ఒక కుండలో మూడు రంగులు

తెలుపు ఏ ఒక్క అణువు రంగూ కాదు. కనీసం రెండు రంగులు, మంచి తెలుపు కావాలంటే మూడు, సరైన పాళ్లలో కలవాలి. పాళ్లు కాస్త తప్పితే కంటికి తెలిసిపోతుంది. ఆకుపచ్చ దీపం కొంచెం అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. తెల్ల దీపం కింద మాత్రం అమ్మ ముఖం పాలిపోయి కనిపిస్తుంది, టమాటా గోధుమరంగు తిరుగుతుంది.

పాలిమర్‌తో తెలుపు సాధించిన తొలి వాళ్లలో జపాన్‌లోని యమగాటా విశ్వవిద్యాలయానికి చెందిన జున్‌జి కిడో ఉన్నాడు. 1994లో ఆయన బృందం పీవీకే అనే పాలిమర్‌ తీసుకుంది. అప్పటికే ఫోటోకాపీ యంత్రాల్లో పనిచేసిన పదార్థమే అది. అందులో మూడు రంగుల రంజకాలు కలిపి ఒకే పొరగా పూశారు. తెల్లగా వెలిగింది.

చెప్పడానికి రంగులు కలపడమే, కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. నీరు పల్లమెరుగు అంటారు కదా, ఎక్సిటాన్‌కీ పల్లం తెలుసు. నీలం అణువు మీద పుట్టిన శక్తి పక్కన ఆకుపచ్చ ఉంటే దానికి జారిపోతుంది. అక్కడి నుంచి ఎరుపుకి జారుతుంది. మూడూ సమానంగా కలిపితే వచ్చేది తెలుపు కాదు, ఎరుపు. అందుకే ఎరుపుని తోడు పెట్టినట్టు వేస్తారు. కుండెడు పాలకి చెంచాడు మజ్జిగ ఎలాగో, అలా. వెయ్యి నీలం ముక్కలకి ఒక్క ఎర్ర ముక్క కూడా ఎక్కువయ్యే సందర్భాలున్నాయి. అంత తక్కువ పాళ్లని ప్రతి పూతలో, ప్రతి చదరపు అంగుళంలో ఒకేలా ఉంచడం ఫ్యాక్టరీలో ఎంత కష్టమో ఊహించుకోండి.

ఇంకో తలనొప్పి కూడా ఉంది. ఎర్ర అణువులు తక్కువ కాబట్టి కరెంటు పెంచితే అవి త్వరగా నిండిపోతాయి. ఆ పైన వచ్చిన శక్తి నీలంలోనే ఉండిపోతుంది. అంటే రెగ్యులేటర్ తిప్పి వెలుగు పెంచితే రంగు కూడా మారుతుంది. పాత బల్బు మందగిస్తే ఎర్రబడేది, దానికి మనం అలవాటు పడ్డాం. చదువుకుందామని వెలుగు పెంచితే గది నీలంగా మారితే మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

సరే, కలపకుండా మూడు పొరలుగా పూస్తే? ముగ్గు పెట్టాక దాని మీద కళ్లాపి చల్లినట్టవుతుంది. రెండో పొర ద్రావకం మొదటి పొరని కరిగించేస్తుంది. దీనికి రెండు మందులు కనిపెట్టారు. ఒకటి, మొదటి పొరని కరిగించలేని వేరే జాతి ద్రావకం వాడటం. రెండు, మొదటి పొర పూశాక దాని గొలుసుల్ని ఒకదానికొకటి అడ్డంగా ముడివేసి కరగకుండా చేయడం. రెండూ పనిచేస్తాయి. కాకపోతే దినపత్రిక అచ్చంత సులువన్న మొదటి మాట అక్కడే కొంత సడలింది.

మూడో దారి చైనాలోని చాంగ్‌చున్ రసాయన పరిశోధకులు గట్టిగా పట్టుకున్నారు. మూడు పదార్థాలు కలపడం మానేసి, ఒకే గొలుసులో నీలం ముక్కలు బోలెడు, మధ్యలో అక్కడక్కడ ఆకుపచ్చ, ఎరుపు ముక్కలు కుట్టేశారు. ఒకే పాలిమర్, ఒకే పూత, తెల్లని వెలుగు. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా అందంగా అనిపించిన ఆలోచన ఇదే. పాళ్లు సీసాలో కాదు, అణువులోనే రాసి ఉంటాయి. కలిపేవాడి చెయ్యి వణికినా తెలుపు తప్పదు.

ముందు పోయేది నీలం

ఇంతవరకూ చెప్పినవన్నీ తెలివితో దాటిన గండాలు. దాటనిది ఒకటుంది.

నీలం కాంతి కణం శక్తి దాదాపు 2.75 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎరుపుది 2 దగ్గర. కర్బన అణువుల్లో కార్బన్‌కి కార్బన్‌తోనో నత్రజనితోనో ఉండే బంధం తెగడానికి కావలసింది సుమారు 3 నుంచి 3.6. ఎరుపు ఆ గీతకి దూరంగా ఉంటుంది. నీలం గీత అంచున నడుస్తుంది. శక్తి నిండిన రెండు నీలం అణువులు పక్కపక్కనే ఉండి, ఒకదాని శక్తి ఇంకోదానికి చేరిందంటే గీత దాటినట్టే. బంధం తెగుతుంది. అణువు మళ్లీ వెలగదు. ఇది తయారీ లోపం కాదు, వెలగడంలోనే ఉన్న ప్రమాదం. నీలంగా వెలగాలంటే తనని తాను తెంచుకునేంత శక్తి దగ్గర బతకాలి.

పాలిమర్లలో నీలానికి పేరున్నది పాలీఫ్లోరీన్. దానికి ఇంకో జబ్బు ఉంది. కొంచెం ఆక్సిజన్ తగిలితే గొలుసులో కొన్ని ముక్కలు కీటోన్లుగా మారతాయి. ఆ ముక్కలు పల్లం లాంటివి. చుట్టుపక్కల శక్తినంతా లాక్కుని ఆకుపచ్చగా వెలుగుతాయి. నీలం దీపం క్రమంగా పాచి రంగు తిరుగుతుంది.

ఒక రంగు దీపంలో ఇది వెలుగు తగ్గడం మాత్రమే. తెల్ల దీపంలో అలా కాదు. మూడు రంగులూ ఒకే వేగంతో ముసలివైతే వెలుగు మందగించినా తెలుపు తెలుపుగానే ఉంటుంది. నీలం ముందే పోతే మిగిలేది పసుపు. తెలుపు నిలవాలంటే మూడూ కలిసి వెలగడం ఒక్కటే చాలదు, కలిసి ముసలివి కావాలి. నా దృష్టిలో ఈ రంగం ముప్పై ఏళ్ల కష్టం మొత్తం ఈ ఒక్క వాక్యంలో ఉంది.

దీనికి తోడు తేమ. బేరియం లాంటి లోహాలకి నీటి ఆవిరి తగిలితే అక్కడ నల్లమచ్చ పుడుతుంది, అది రోజురోజుకీ పెద్దదవుతుంది. ఇలాంటి దీపం మీది మూత చదరపు మీటరుకి రోజుకి గ్రాములో పది లక్షల వంతుకన్నా ఎక్కువ ఆవిరిని లోపలికి రానివ్వకూడదని లెక్క కట్టారు. ఆగస్టులో రిఫాలో తలుపు తీయగానే కళ్లద్దాలు మసకబారే తేమ ఇక్కడ. కాకినాడలోనూ అంతే. గాజు మూత అయితే ఆ తేమని ఆపుతుంది. వంగే ప్లాస్టిక్ షీటు ఆపాలంటే దాని మీద పొరలు పొరలుగా పూతలు వేయాలి. చవకగా అచ్చేయొచ్చన్న దీపానికి అచ్చుకన్నా మూత ఖరీదైపోయింది.

310 నుంచి 38 దాకా

అయినా ప్రయోగశాలలు ఆగలేదు. ఎలక్ట్రాన్, రంధ్రం కలిసినప్పుడు నాలుగు జంటల్లో ఒక్కటే మామూలుగా వెలుగునిస్తుంది. మిగతా మూడూ వేడిగా పోతాయి. 1998 నుంచి ఫారెస్ట్, థాంప్సన్ బృందాలు ప్లాటినం, ఇరిడియం లాంటి బరువైన లోహాలతో ఆ మూడింటినీ వెలిగించాయి. 2012లో జపాన్‌లో అడాచి బృందం లోహం లేకుండానే ఆ పని చేసింది. 2009లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో చిన్న అణువులతో చేసిన తెల్ల దీపం ఒక్కో వాట్‌కి 90 ల్యూమెన్లు ఇచ్చింది. ట్యూబులైటుని దాటేసింది.

అదే కాలంలో దాయాది ఎల్ఈడీ ఏం చేసిందో మన ఊళ్లలోనే చూశాం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ స్తంభాల్ని పడగొట్టాక, నగరమంతా ఎల్ఈడీ వీధి దీపాలు పెట్టారు. 2015 జనవరిలో కేంద్రం ఉజాలా పథకాన్ని మొదలుపెట్టింది. ప్రభుత్వం టోకున కొన్న బల్బు ధర 2014లో 310 రూపాయలు, 2016కి 38 రూపాయలు. దేశంలో 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. ప్లాస్టిక్ దీపం ఇంకా నీలానికి ఆయుష్షు పోస్తున్న రోజుల్లో ఎల్ఈడీ టీ డబ్బుల ధరకి దిగి వచ్చింది. పోటీ అక్కడే ముగిసింది.

తర్వాత జరిగింది చూస్తే కొంచెం నవ్వొస్తుంది. కేంబ్రిడ్జి కంపెనీని 2007లో సుమిటోమో కెమికల్ కొనేసింది. కోడాక్ తన ఓఎల్ఈడీ వ్యాపారాన్ని 2009లో ఎల్‌జీకి అమ్మింది. 2013లో ఎల్‌జీ 55 అంగుళాల టీవీ తెచ్చింది. ఆ రకం టీవీల్లో ఉన్నది తెల్ల కర్బన దీపమే. రంగులు పేర్చి తెలుపు చేస్తారు, ఆ తెలుపుని ఫిల్టర్లతో వడకట్టి మళ్లీ రంగులు తీస్తారు. గోడకి దీపంగా రావాల్సిన తెలుపు గోడకి టీవీగా వచ్చింది. ఇవి ఆవిరి పద్ధతివే, అచ్చువేసినవి కావు. అచ్చు పద్ధతిని నమ్ముకున్న జపాన్ కంపెనీ జోలెడ్ 2023 మార్చిలో దివాలా తీసింది. ఇక దీపంగా కర్బనం నిలదొక్కుకున్న చోటు ఏదంటే, 2016 నుంచి కొన్ని ఖరీదైన కార్ల వెనక లైట్లు. అవి ఎరుపు. తెలుపు అక్కర్లేని చోట అది హాయిగా బతికింది.

మరి ఇదంతా వృథానా?

ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు పట్టుకుంది. నేనూ ఇంజనీరింగ్ చదివినవాణ్ణే. ఒకరి జీవితకాలం పని ఒక ధరల పట్టిక ముందు ఓడిపోవడం అంటే ఏమిటో సాఫ్ట్‌వేర్‌లోనూ చూస్తుంటాం. కానీ ఈ లెక్క అలా తేలదు. వెలిగే పాలిమర్‌ని తిరగేస్తే ఎండని కరెంటుగా మార్చే పాలిమర్ అవుతుంది. అవే సంయుగ్మ గొలుసులు, అవే పూతలు, తేమని ఆపే అవే మూతలు. కర్బన సౌర ఘటాల సామర్థ్యం ప్రయోగశాలల్లో 19 శాతం దాటింది. మన తార్నాకలోని ఐఐసీటీలో ఇలాంటి ఘటాల పదార్థాల మీద, కాన్పూర్ ఐఐటీలో వంగే ఎలక్ట్రానిక్స్ మీద పని జరుగుతోంది. ఎండలోంచి కరెంటు తీసేటప్పుడు మూడు రంగుల వయసు కలపాల్సిన బాధ లేదు.

'అచ్చువేసిన దీపాలు వచ్చేస్తున్నాయి' అన్న వార్త మళ్లీ వస్తుంది, ప్రతి రెండు మూడేళ్లకీ వస్తూనే ఉంది. వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. నీలం ఎన్ని గంటలకి సగానికి పడిపోతోంది? వెలుగు పెంచితే రంగు మారుతోందా? మూత గాజుదా, వంగేదా? వార్తలో ఈ మూడింటికీ జవాబు లేకపోతే వాళ్లు చూపించింది ఒక సాయంత్రం వెలుగు మాత్రమే. మూడింటికీ అంకెలతో జవాబు ఉంటే మాత్రం నాకూ పంపండి. ఆ పేపరు చదవడం కోసం ఒక రాత్రి నిద్ర మానుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు.